చలువయంత్రముల వాయువు



వైశాఖమాసమున మా ఇందూరు పట్టణపు వీథులలో నడచినవారికి ఎండతీవ్రతను నేను వర్ణింప నక్కఱలేదు. 45 డిగ్రీలు మాకు క్రొత్త గాదు. ఉద్యోగవిరమణానంతరము నేనును ఒక ఏ.సి. యంత్రమును కొంటిని. వరుసగా మూడు వేసవులు అది చల్లదనము నీయక మొరాయించినది. ప్రతిసారియు ఒక మెకానిక్కు వచ్చి, గ్యాసు అయిపోయినదని చెప్పి, గొట్టపు మర విప్పి, మిగిలిన వాయువును సుయ్యుమని గాలిలోనికి వదలి, క్రొత్తది నింపి, పైకము తీసికొని పోయెడివాడు. దీపములోని చమురువలె అది ఖర్చగునని నేను నమ్మితిని. నాల్గవయేట, నాయొద్ద చదువుకొని ఇప్పుడు బోధనులో ఈ పనియే చేయుచున్న శిష్యుడొకడు వచ్చి చూచి నవ్వి, "గ్యాసు ఖర్చు గాదు సార్, పైపుల చిల్లి ఉంటెనే పోతది" అనెను. ఆ ఒక్కమాట నాచేత ఈ వాయువుల చరిత్రమును చదివించినది.

ద్రవము ఆవిరియగునపుడు చుట్టునున్న వేడిని గ్రహించును. కూజాలోని నీరు చల్లబడుటయు ఇందుచేతనే. యంత్రములోని కంప్రెసరు ఆ యావిరిని అదిమి, వేడిని వెలుపల విడిపించి, మరల ద్రవముగా మార్చుటకు తోడ్పడును. లోపలి పదార్థము తిరుగుచుండునేకాని తరుగదు.

1834లో జేకబ్ పెర్కిన్సు అనునతడు ఈథరుతో నడచు యంత్రమునకు ఇంగ్లండులో పేటెంటు పొందెను. 1870 తరువాత జర్మనీలో కార్ల్ ఫాన్ లిండె అమ్మోనియాను వాడెను. నవాసారపు ఘాటు ఎఱిగినవారికి అమ్మోనియా వాసన తెలియును. ఐసు ఫ్యాక్టరీలలో నేటికిని అదియే తిరుగుచున్నది. గంధకపు వాయువును గూడ వాడిరి. శక్కర్‌నగరములో 1937లో స్థాపితమై 2015లో మూతబడిన నిజాం చక్కెర కర్మాగారము పేరు చెప్పగనే మా ప్రాంతమువారికి చెఱకుబండ్లు మనసున మెదలును. చక్కెర మిల్లులలో రసమును తేర్చుటకు గంధకమును కాల్చి ఆ పొగను రసములోనికి పంపుట కలదు. ఆ వాయువే 1920 ప్రాంతమున అమెరికా గృహములలోని శీతలపేటికలలో తిరిగెడిది! మిథైల్ క్లోరైడు అను మఱియొక వాయువు కారి 1929లో చికాగో నగరమున కొందఱు మరణించిరి.

ఈ భయమును తీర్చుటకై థామస్ మిడ్జ్‌లీ అను రసాయనవేత్త 1928లో క్లోరిను, ఫ్లోరిను, కర్బనము కలసిన క్రొత్త వాయువును కనుగొనెను. 1930లో విద్వత్సభయెదుట దానిని పీల్చి, ఊది, క్రొవ్వొత్తి నార్పి చూపెను. విషము గాదు, మండదు. లోకము మెచ్చినది. తర్కశాస్త్రము చదువుకొన్న నాకు ఇచ్చటనే ఒక చిక్కు తోచినది. పర్వతముపై ధూమమును చూచి అగ్ని యున్నదని అనుమానింతుము. అమ్మోనియా కారినచో ముక్కు చెప్పును. ఈ క్రొత్త వాయువునకు వాసన లేదు, రంగు లేదు. ధూమములేని అగ్నిని ఎవ్వరు కనిపెట్టగలరు? నలువదియేండ్లకు పైగా ఎవ్వరును కనిపెట్టలేదు.

1974లో మొలీనా, రోలండు అనువారు ఈ వాయువులు ఆకాశమున పైకెగసి, సూర్యుని తీక్ష్ణకిరణములను అడ్డు ఓజోను పొరను తినివేయునని చూపిరి. మఱుసటియేట వీరభద్రన్ రామనాథన్ అను మన దేశీయుడు ఇవి భూమి వేడిని గూడ మిక్కిలిగా బంధించునని తేల్చెను. అణువునకు అణువు పోల్చినచో బొగ్గుపులుసు గాలికంటె దాదాపు పదివేలరెట్లు! మదురలో పుట్టిన ఈయన, 1965లో పట్టము పొందిన పిదప మన సికిందరాబాదులోనే శీతలయంత్రముల కర్మాగారమున ఉద్యోగము చేసెను. అచ్చట ఆయన పని యేమనగా, యంత్రములనుండి వాయువు ఎట్లు కారిపోవుచున్నదో కనుగొనుట. నా శిష్యుడు చేయు పనియే గదా!

1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. 1992లో మన దేశము అందు చేరెను. మిడ్జ్‌లీ వాయువులు 2010 నాటికి తొలగినవి. వానికి బదులు వచ్చిన ఆర్-22 ఓజోనునకు తక్కువ చెఱుపు చేయును గాని చేయకపోదు. 2025 ప్రారంభమునుండి మన దేశమున క్రొత్త యంత్రముల తయారీలో దాని వాడుక నిలిచెను. ఓజోనును ముట్టని ఆర్-410ఏ యైతే వేడిని బంధించుటలో బొగ్గుపులుసు గాలికి రెండువేలరెట్లు పైబడినది. అందుచే 2016లో కిగాలీలో మఱియొక సవరణ జరిగెను. మన దేశము దానిని 2021లో అంగీకరించెను. అట్టి వాయువుల వాడుకను 2032 మొదలు తగ్గించుచు 2047 నాటికి నూటికి 85 పాళ్లు తగ్గింపవలెను. ఇప్పుడు దుకాణములలో హెచ్చుగా దొరకు ఆర్-32 లెక్క 675. ఆర్-290 లెక్క నాలుగైదుకు మించదు. ఈ రెండవది మఱేమియు గాదు, ప్రొపేను, వంటింటి సిలిండరులో నుండు వాయువులలో నొకటి! మండునని మొదట విడిచిన జాతినే ముసలితనమున మరల పిలుచుకొంటిమి. కావుననే దానికై కట్టిన యంత్రములోనే, నేర్చినవానిచేతనే దానిని నింపింపవలెను. పాతయంత్రములో పోయించుట ప్రాణాపాయము.

నా శిష్యుడు ఆనాడు సబ్బునురుగును గొట్టపు అతుకులకు పూసెను. వెలుపలి పెట్టెవద్ద ఒకచోట చిన్న బుడగ లేచినది. లోపల మిగిలిన వాయువును గాలిలోనికి వదలక ఒక సిలిండరులోనికి లాగి పట్టి, చిల్లిని అతికి, గొట్టములలోని గాలిని పంపుతో తీసి, తూచి నింపెను. పని ముగియునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. ఇది జరిగి రెండు వేసవులైనది. మరల గ్యాసు నింపించలేదు.