జీను తోలు ఎవరు ఊనారు? (సీమ చరిత్రలో మన చేతులు – 9)



రాయలసీమలో గుర్రం కథ అంటే మూడు బొమ్మలు చూపిస్తారు. గుర్రం మీద కృష్ణదేవరాయలు. గుర్రం మీద పాలెగాడు. గుర్రం మీద మన్రో దొర. ముగ్గురూ పైన కూర్చున్నోళ్లే. కింద ఎవరున్నారో ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు డబ్బు లెక్క. మేలుజాతి యుద్ధ గుర్రాలు మన నేల మీద పుట్టినవి కావు. అరబ్బు, పారశీక దేశాల నుంచి ఓడల్లో పడమటి తీరానికి వచ్చేవి. 16వ శతాబ్దంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు న్యూనిజ్ రాసిపెట్టాడు: రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడు. మంచివి తన లాయంలో ఉంచుకుని, నాటు గుర్రాలను నాయకులకు అంటగట్టి, ఆ డబ్బుతో మళ్లీ అరబ్బు గుర్రాలు కొనేవాడు. అంతకు ముందు సాళువ నరసింహుడైతే సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చాడట.

మరి నాయకులకు డబ్బెక్కడిది? అదీ న్యూనిజే రాశాడు. సేద్యం చేసినోడు పదిలో తొమ్మిది పాళ్లు నాయకుడికి కట్టాలి. రైతుకు మిగిలింది ఒక్క పాలు. ఆ రైతు చేలో కూలికి పోయిన మాలమాదిగలకు ఏం మిగిలి ఉంటుంది? చచ్చిన గుర్రం తోకకు ధర ఉంది. బతికున్న మన మనిషి పేరు మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

తర్వాత మేత. ఉలవలకు ఇంగ్లీషోడు పెట్టిన పేరే ‘హార్స్ గ్రామ్’, అంటే గుర్రపు గింజ. వానలు సరిగా లేని ఏడు కూడా కర్నూలు, కడప మెట్టల్లో ఎంతో కొంత నిలబడే పంట అది. గుర్రం తింటే దాణా, మనం తింటే గుగ్గిళ్లు. గింజ ఒకటే. ఆ చేలల్లో వంగిన నడుములూ మనవే.

ఇక తోలు. జీనులు కుట్టేవాళ్లు వేరే ఉండేవాళ్లు, జీనగర్లు అనేవారు. కానీ వాళ్ల చేతికి తోలు ఎట్లా వచ్చింది? చచ్చిన గొడ్డును మోసి, తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, లందలో తంగేడు చెక్కతో ఊనితేనే అది తోలు అవుతుంది. తెలుగు నేల మీద ఆ పని మాదిగలది. ఎంత సున్నం, ఎన్ని రోజులు, ఎంత చెక్క అన్నది వాళ్ల చేతులకు తెలిసిన శాస్త్రం. కంపు అని ఆ చేతుల్ని ఊరి బయట పెట్టారు. ఆ తోలు మీద మాత్రం దర్జాగా కూర్చున్నారు. అంటు తోలుకు లేదు, ఊనిన చేతికే ఉంది!

మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. చెన్నైలో ఆయన కంచు విగ్రహానికి ఒక వింత ఉంది. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడని కథలు చెప్తారు. నాకైతే అది మన చరిత్ర పుస్తకంలాగే కనిపిస్తుంది. దొర ఉన్నాడు, గుర్రం ఉంది, తోలు పని మాయం.

ఇప్పుడు మన పిల్లలు ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడుతున్నారు. అందులో గుర్రాన్ని పదేపదే ఎక్కి, కిందపడి, మచ్చిక చేసుకోవాలి. రెండు గుర్రాలకు బంగారు క్యారెట్లు పెడితే పిల్ల పుడుతుంది, తల్లిదండ్రుల వేగం కొంత దానికొస్తుంది. జీను కావాలంటే తోలు పనివాడికి పచ్చలిచ్చి కొనుక్కోవచ్చు. ఆ ఆటలో ఆయన ఉండేది ఊళ్లోనే. ధర ఆయన చెప్పిందే. ఎక్కే పిల్లోడి కులం ఎవరూ అడగరు.

ఆట బయట? ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత వరుడు ఠాకూర్ల వీధుల్లో పెళ్లి ఊరేగింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2018 జులైలో పోలీసు బందోబస్తు మధ్య గుర్రపు బగ్గీలో ఊరేగాడు.

జాతి చూసి జత కట్టడం గుర్రాలకు సరే. మనుషుల్లో కులం కూడా రక్తశుద్ధి కోసమే అన్న వాదనను బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో చీల్చి చెండాడాడు.

ఒక్క పని చేయండి. మీ ఇంట్లో తాతను, అవ్వను అడగండి. లంద ఎక్కడుండేది? తోలు ఎన్ని రోజులు ఊనేవాళ్లు? కూలి ఏమిచ్చేవాళ్లు? ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రాజుల గుర్రాల లెక్క పరాయి దేశపోడు రాశాడు. మన చేతుల లెక్క మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.

జై భీమ్.