కత్తిసామునకు సెలవు

నేటి ప్రసంగమున నేను చెప్పబూనినది కత్తిసాము పోటీలను గూర్చి. ఎవడు గెలిచెను, ఎవడోడెను అను ముచ్చట కాదు. పోటీ జరుగుటకు ముందు దానికి సెలవు నిచ్చువా డెవడు, దినమును నిర్ణయించువా డెవడు, బరికి హద్దులు గీయువా డెవడు అనునదే నా ప్రస్తావము. ఇది కచేరీలోని గుమాస్తాల పనివలె మీకు తోచవచ్చును. కాని యిద్దరు మనుష్యులు కత్తులు దూసి యెదురెదురుగ నిలిచినపుడు అది యాటయో హత్యయో తేల్చునది ఆ సెలవే.

మొదట మన మెల్లరము బాల్యమునుండి వినుచున్న కథను స్మరింతము. ఆదిపర్వమున కుమారాస్త్రవిద్యాప్రదర్శన ఘట్టము కలదు గదా. శిష్యుల చదువు ముగిసినదని ద్రోణాచార్యుడు తనంత తాను రంగము కట్టలేదు. భీష్మ కృప విదురాదులు వినుచుండగా ధృతరాష్ట్రునితో, మీ యనుమతి యైనచో కుమారులు తమ విద్యను చూపుదురని విన్నవించెను. రాజు విదురుని పిలిచి, ఆచార్యుడు చెప్పినట్లు సర్వము జరుపుమనెను. పిదప ద్రోణుడు చెట్లు, పొదలు లేని సమతలమును ఎంచి కొలిపించి, మంచి తిథినక్షత్రములందు బలి యిచ్చి, పురమున చాటింపు వేయించెను. రాజునకును స్త్రీలకును కూర్చుండి చూచుటకు మందిరము కట్టిరి. నేటి క్రీడాసంఘమువా రడుగు ప్రశ్నలలో చాలవరకు ఇందులోనే యున్నవి.

అంతటితో కథ ముగియలేదు. భీమదుర్యోధనులు గదలు పట్టి దిగగా ప్రేక్షకులు రెండు పక్షములై కేకలు వేయసాగిరి. ఆట ముదిరి పగ యగుచున్నదని గ్రహించి ద్రోణుడు అశ్వత్థామను పంపి వారిని విడదీయించెను. తరువాత కర్ణుడు వచ్చి యర్జునునితో ద్వంద్వ మడిగినపుడు, ద్వంద్వయుద్ధపు మర్యాద లెరిగిన కృపాచార్యుడు నీ కులమేది, తల్లిదండ్రులెవరని ప్రశ్నించెను. కర్ణుడు తల వంచెను. పాఠశాలలో ముప్పది యేండ్లు ఈ ఘట్టమును చెప్పితిని. చెప్పిన ప్రతిసారియు తరగతిలో ఏదో యొక మూల నొక బాలుడు తల వంచుకొనుట చూచితిని. సెలవు నిచ్చు చేతికి పోరు నాపుటకును అధికారము కలదు, మనిషిని గెంటుటకును కలదు. ఈ భేదమును మనసున నుంచుకొని చరిత్రలోనికి వత్తము.

సెలవు నడుగని పోరెట్టిదో నల్లగొండ సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. రాచకొండను, దేవరకొండను ఏలిన రేచర్ల పద్మనాయకుల వంశమున సింగమనాయకుడు 1361లో జల్లిపల్లికడ వంచనచే చంపబడెను. అతని కుమారులు అనపోతానాయకుడు, మాదానాయకుడు తండ్రి పగకై శత్రువులైన క్షత్రియులను మట్టుపెట్టిరి. సోమకులపరశురామ యను బిరుదమునకు కథ అదియే. బిరుదము వినుటకు సొంపుగ నున్నది. దాని వెనుక ఆరిన దీపములను భట్రాజులు పాడరు.

ఆ పిమ్మటి రెండు శతాబ్దములు కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ, అనగా మన గద్వాల, అలంపురముల నేల, విజయనగరమునకును బహమనీలకును, వారి వెనుక బీజాపురమునకును నడుమ నలిగిపోయెను. 1520లో కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్షాతో చేసిన రాయచూరు యుద్ధము ఈ నేల కొరకే. ఇరుగడల ప్రభువులకు మతము వేరు, కొలువు భాష వేరు. కాని ఒంటి కత్తిపోరును గూర్చి యిరువురకును ఒకటే చిక్కు. దానిని విప్పిన తీరులు వేరు.

విజయనగరపు తీరును మనకు చెప్పినవారు పోర్చుగీసులు. 1535 ప్రాంతమున అచ్చట నుండిన నూనిజ్ వ్రాసిన దేమనగా, ద్వంద్వయుద్ధము చేయువారికి ఆ రాజ్యమున గొప్ప గౌరవము. చచ్చినవాని యాస్తి బ్రదికినవానికి చెందును. కాని మంత్రి సెలవు లేక యెవరును పోరరాదు. అడిగినచో మంత్రి వెంటనే యిచ్చును. ఇతనికంటె ముందు, 1516 ప్రాంతమున, బార్బోసా యనువాడు భట్కల్ రేవునందలి యాచారమును వర్ణించెను. పోరు కోరినవారికి ప్రభువు స్థలమును కాలమును ఏర్పరచును. ఇరువైపుల తోడుమనుష్యులు నిలుతురు. కత్తి, డాలు, బాకు ఎంత పొడవుండవలెనో ప్రభువే నిర్ణయించును. పోరువారు మొలకు మడతలు మడతలుగ బట్ట చుట్టుకొని, పై మేన ఏమియు లేక ఉత్సాహముతో దిగుదురు. ప్రభువు పరివారముతో వచ్చి చూచును.

నూనిజ్ వ్రాసిన 'వెంటనే యిచ్చును' అను మాట నన్ను చాలకాలము వేధించినది. అడిగినంతనే యిచ్చునది సెలవెట్లగును? నా యూహ చెప్పెదను. మంత్రి కడకు పోవుటకే ఒకటి రెండు దినములు పట్టును. ఆ లోపల కోపము చల్లారవచ్చును, బంధువులు నడుమ పడవచ్చును. పోరు తప్పకపోయినను అది చీకటిలో వెన్నుపోటుగ గాక పగటివేళ పదిమంది యెదుట జరుగును. జల్లిపల్లి వంచనకు ఇందు చోటు లేదు. అయినను చచ్చినవాని యాస్తిని చంపినవానికి కట్టబెట్టుట నా మనసున కెక్కదు. వాని యాలుబిడ్డలు ఏమి తినవలెను?

పండుగ పోటీల పద్ధతి వేరు. 1520 ప్రాంతమున మహానవమి యుత్సవమును కన్నులార చూచిన పేయస్, అచ్చటి జెట్టీలు పండ్లూడునట్లు, మొగములు చెదరునట్లు కొట్టుకొనుటయు, మాట పడిపోయినవారిని మోసికొనిపోవుటయు చెప్పెను. అంతటి మోటపోరునకును నాయకులు, తీర్పరులు ఉండిరట. ఇరువురిని సరిసమానముగ నిలుపుట, గెలిచినవానికి తగిన మర్యాద చేయించుట వారి పని. ఆ కొలువున మల్లయుద్ధము చేయు స్త్రీలును ఉండిరని నూనిజ్ వ్రాసెను. దినమును గూర్చి వివాదమే లేదు. దానిని పంచాంగము ముందుగనే నిర్ణయించెను.

ఇక సుల్తానుల తీరు. బీజాపురమున రెండవ ఇబ్రహీం ఆదిల్షా కొలువున నుండి దక్కను చరిత్రను పారసీకమున రచించిన ఫిరిస్తా దీనిని వివరముగ చెప్పెను. 1490లో స్వతంత్రుడైన అహమ్మదునగరపు అహమ్మద్ నిజాంషా కత్తిసామున దిట్ట. ఏలిక మెచ్చు విద్యను జనము అభ్యసింతురు గదా. యువకులు నేను మిన్న యనగా నేను మిన్న యని వాదులాడి, తీర్పుకై దర్బారునకు వచ్చుచుండిరి. సుల్తాను తన యెదుటనే కత్తులు దూయించి, మొదటి దెబ్బ వేసినవాడు గెలిచినట్లు చెప్పుచుండెను. దినదినము జనము విరగబడెను. తుదకు కొలువుకూటమునుండి రోజునకు రెండు మూడు శవములు లేవసాగెను. అంతట సుల్తానునకు రోత పుట్టి, ఇక నా కన్నులయెదుట వలదు, కోట వెలుపలి మైదానమున పోరుకొనుడు, ఇరువురి నడుమ పరులు చేయి పెట్టరాదు, చచ్చినవానికై పగ తీర్చుకొనరాదు అని కట్టడి చేసెను. ఆ యాచారము దక్కనంతట ప్రాకెను. దానికి యక్-అంగ్ అని పేరు. మన ఏకాంగవీరు డను మాట మీకు స్ఫురించుచుండును.

భట్కల్ ప్రభువు బరికడ కూర్చుండెను. ఈ సుల్తాను సెలవు మానలేదు, చూచుట మానెను. దాని ఫలమును ఫిరిస్తాయే తన కాలపు బీజాపురమునుండి చెప్పుచున్నాడు. కొలువున పేరున్న ఇద్దరు నెరసిన గడ్డముల యన్నదమ్ములకును, అట్టివారే యైన ముగ్గురు దక్కనీ సోదరులకును వీథిలో అల్పవిషయమున మాట పెరిగెను. మొదట ఆ యన్నదమ్ములలో నొకని కొడుకు, ఇరువది యేండ్లవాడు, దిగి చచ్చెను. తండ్రి దిగెను. పినతండ్రి దిగెను. వారును కూలిరి. శవములు లేవకమునుపే ఎదిరిపక్షపు ముగ్గురును గాయములచే మరణించిరి. ఆరుగురు పోయిరి. ఎవనిదో కట్టడి యున్నది, ఎవడును బరికడ లేడు. ఇంత సాధన చేసినవారు గుఱ్ఱముమీద ఈటెను గాని వింటిని గాని పట్టనేరక రణమున వెనుకబడుచుండిరని ఫిరిస్తా ఆక్షేపించెను. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

దేవరకొండ, నల్లగొండ, పానుగల్లు, కోయిలకొండ కోటలు సుల్తాన్ కులీ కుతుబ్షా చేతిలో పడిన పిమ్మట గోలకొండ వాడుకలు మన పల్లెలలోనికి వచ్చెను. నా చిన్నతనమున మా పాలమూరు పల్లెలో పీర్ల పండుగనాడు అలావ గుంటచుట్టును కర్రసాము, కత్తిసాము జరుగుచుండెను. హిందువులును ముసల్మానులును కలసి యాడుచుండిరి. ఉస్తాదు కనుసన్న లేక యెవడును అడుగు వేయరాదు. కల్లు త్రాగి వచ్చినవానిని, ఎంత మొనగాడైనను, కర్ర ముట్టనీయడు. భూమి తగవులున్న యిండ్ల పిల్లలను ఎన్నడును జత కట్టడు. ఇది యే కాగితముమీదను వ్రాసి యుండలేదు. ఆ ముసలివానికి ఊరిలోని తగవు లన్నియు కంఠస్థము.

సెలవు నడిగించుట యెల్లపుడును మేలు కాదనుటకును మన సీమయే సాక్షి. నిజాం ప్రభుత్వము 1929లో వెలువరించిన 53వ గస్తీ ప్రకారము సభ జరుపవలెనన్నను ముందుగ అనుమతి తెచ్చుకొనవలెను. అఖాడాలకును నిర్బంధములు పెట్టిరి. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు పాలమూరి బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. ఆ దినములలో ఆ సభలవారు సగము శక్తిని అనుమతులకొరకే వెచ్చింపవలసివచ్చెను. అట్టి సెలవు పోరువాని మేలుకై పుట్టినది కాదు, ఏలువాని భయమునుండి పుట్టినది.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. పడమటి దేశముల కత్తిసామునకు ఫెన్సింగ్ అని పేరు. 1896లో ఏథెన్సునగరమున జరిగిన మొదటి ఒలింపిక్సునందే అది యుండెను. 1913లో పారిసున అంతర్జాతీయ సంఘమును, 1974లో మన దేశపు సంఘమును ఏర్పడెను. చెన్నపట్టణపు భవానీదేవి 2021లో టోక్యో ఒలింపిక్సున పాల్గొని, ఆ క్రీడలో అంతవరకు వెళ్లిన మొదటి భారతీయురాలై, తొలి పోరు గెలిచెను.

ఈ క్రీడకు దినములు కట్టు తీరు పెండ్లి పనుల వంటిది. ముహూర్తము నిశ్చయించి, అచ్చటినుండి వెనుకకు లెక్కింతుము గదా. ప్రపంచపు పోటీ తేదీని అంతర్జాతీయ సంఘము చెప్పును. దానికి జట్టు నెన్నుటకై జాతీయ పోటీ ముందు జరుగవలెను. అంతకుముందు రాష్ట్రపు పోటీ, దానికిముందు జిల్లా పోటీ. 2011లో కేంద్రప్రభుత్వము వెలువరించిన క్రీడాస్మృతి ఒక క్రీడకు ఒకే జాతీయసంఘమునకు గుర్తింపు నిచ్చి, ప్రతి సంవత్సరము జాతీయ పోటీలు జరుపవలెనని విధించెను. ఏడాది శిక్షణలకు, పోటీలకు పట్టిక కట్టి ముందుగ ఒప్పించుకొనుట సంఘముల పనియైనది. 2025లో పార్లమెంటు క్రీడాపరిపాలనమునకు ప్రత్యేకముగ చట్టమే చేసెను. గుర్తింపులేని పోటీలో గెలిచిన పతకము ఇంటిగోడకు శోభనిచ్చును గాని, ఉద్యోగపు దరఖాస్తులో క్రీడల కోటాకు పనికిరాదు. మీ మనుమని పోటీకి పంపునపుడు ఆ పోటీకి సెలవు నిచ్చిన దెవరని మొదట అడుగుడు.

పైన తేదీలు నిర్ణయించువారికి మన పాఠశాలల పరీక్షలు కనబడవు. వార్షిక పరీక్షల వారమున జిల్లా పోటీ పెట్టినచో చదువుకొను బాలుడు రెంటిలో నొకటి వదలవలెను. ఇది నా చిరకాలపు ఫిర్యాదు. రెండవ చిక్కు జిల్లాలది. 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడెను. పాలమూరు నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, మరి 2019లో నారాయణపేట విడివడెను. కచేరీలు వచ్చినంత వేగముగ క్రీడాశాఖలు రావు. శాఖ లేనిచో బాలుని పేరు పైకి పంపువా రుండరు. కృపాచార్యుని ప్రశ్న నేడు కులమును వదలి జిల్లాను పట్టినది. పుట్టిన తేదీని అడుగుట న్యాయమే; పెద్దవాడు చిన్నవారి పంక్తిలో దూరరాదు.

సెలవు నిచ్చువారు బరికడ ఏమి చూడవలెనో మాత్రము ఈ క్రీడ బాగుగ నేర్చినది, అదియు ఒక మరణము తరువాత. 1982లో రోమునగరమున ప్రపంచపు పోటీ జరుగుచుండగా సోవియట్ వీరుడు వ్లాదిమీర్ స్మిర్నోవ్ యెదుట, ప్రత్యర్థి కత్తి విరిగి, దాని మొన ముసుగు జల్లెడను చీల్చుకొని తలలోనికి పోయెను. కొన్ని దినములకు అతడు మరణించెను. అతడు అంతకు రెండేండ్లముందు మాస్కో ఒలింపిక్సున స్వర్ణపతకము గెలిచినవాడు. పిమ్మట కత్తుల యుక్కును, ముసుగుల బిగువును, చొక్కాల గుడ్డను గూర్చిన నియమములు కఠినమయ్యెను.

నేడు బరి 14 మీటర్ల పొడవు. ఫాయిల్, ఎపే యను కత్తులు 110 సెంటీమీటర్లకు, సేబర్ 105 సెంటీమీటర్లకు మించరాదు. పోరునకు ముందు ఒక బల్లయొద్ద పరీక్షకులు కూర్చుందురు. ఫాయిల్ మొనపై 500 గ్రాముల తూకము, ఎపే మొనపై 750 గ్రాముల తూకము నుంచి మొన లేచుచున్నదో లేదో చూతురు. ముసుగు జల్లెడను 12 కిలోల ఒత్తిడితో మొనగల పనిముట్టుచే పొడిచి చూతురు. నిలిచినదానికి గుర్తు వేయుదురు. నిలువనిదానిని ప్రక్కన పెట్టుదురు. ఆ ముసుగుతో ఆ బాలుడు ఆనాడు బరి నెక్కరాదు, వాని తండ్రి ఎంతటివాడైనను.