మన బడులు – వాటి పేర్లు

బడికి పెట్టిన పేరు చూస్తే అది ఎవరి పిల్లల కోసం తెరిచారో చాలావరకు తెలిసిపోతుంది. హైదరాబాదు సంస్థానపు విద్యాచరిత్ర చదివేకొద్దీ మాకు ఈ సంగతి మళ్ళీ మళ్ళీ తోస్తున్నది. 1856లో మొదటి సాలార్ జంగు స్థాపించిన బడి పేరు దారుల్ ఉలూమ్, అంటే విద్యలకు నిలయం. ఆ తర్వాత వచ్చిన మదర్సా-ఎ-ఆలియాలో ఉమ్రావుల పిల్లలు చేరారు. మదర్సా-ఎ-ఐజ్జా అయితే నిజాము బంధువర్గం వారిది. 1907లో ఆడపిల్లల కోసం వెలసిన బడి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పేరున మహబూబియా అయింది.

వీటన్నిటిలోకి సూటి పేరు జాగీర్దార్ కాలేజీ. 1923లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాములో బేగంపేటలో వెలిసింది. ఎవరి కోసమని ఎవరూ అడగనవసరం లేదు, గేటు మీదే రాసి ఉన్నది. 1948లో సంస్థానం పోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారే లేనప్పుడు జాగీర్దార్ల కాలేజీ ఏమిటి? 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. అందరి పిల్లలకూ తలుపు తెరిచామన్నారు. తెరిచిన మాట నిజమే. జాగీరు ఉందా అని అడగడం మానేశారు గాని ఫీజు అడగడం మానలేదు! అయినా ఆ మార్పును మేము తక్కువ చేయము. అక్కడ పేరుతో పాటు నియమం కూడా మారింది.

ఉస్మానియా కథ దీనికి తలకిందులు. 1917లో ఫర్మానా, 1918లో విశ్వవిద్యాలయం. వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం అన్నీ ఉర్దూలో చెప్పడానికని దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టి, ఇంగ్లీషు పుస్తకాలను తర్జుమా చేయించారు. ఒక దేశభాషలో ఉన్నత విద్య చెప్పవచ్చునని చేసి చూపించిన గొప్ప ప్రయత్నం అది. అయితే సంస్థానంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్ళ పిల్లలకు ఉర్దూ చదువు బరువయింది. ఈ మాట మనం దాచవలసిన పని లేదు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. పేరు మాత్రం వందేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. ఉస్మానియా అనే పేరు ఉన్నది గదా అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఆ పేరు ఏ భాష కోసం పుట్టిందో ఆ భాష మాత్రం అక్కడ ఇప్పుడు ఒక శాఖకే పరిమితం.

ఇక ఆడపిల్లల బడులు రెండు చెప్పుకోవాలి. మాడపాటి హనుమంతరావు పంతులుగారి పూనికతో 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల మొదలయింది. అప్పుడు దాని పేరు ఆంధ్ర బాలికల పాఠశాల, ఇప్పుడు పంతులుగారి పేరే దానికి ఉన్నది. 1934లో సుగ్రా హుమాయూన్ మీర్జా బేగం ఉర్దూలో చదువుకొనే ఆడపిల్లలకు సఫ్దరియా బడి పెట్టారు. ఆవిడ రచయిత్రి, పత్రికా సంపాదకురాలు, పరదా దాటి సభల్లో మాట్లాడిన తొలితరం మనిషి. ఆవిడ తండ్రి పేరు సఫ్దర్ అలీ, భర్త పేరు హుమాయూన్ మీర్జా. బడి సఫ్దరియా అయింది, పేట హుమాయూన్ నగర్ అయింది. శ్రమపడిన ఆవిడ పేరు ఏ గేటుకూ దక్కలేదు! మన సభ్యుల్లో ఎంతమందికి ఆవిడ పేరు తెలుసునో చెప్పలేము.

కాలం కొంత మారిందనే అనాలి. 1924 నాటి కోఠీ మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించారు. దొరలతో భూమి కోసం పోరాడిన మనిషి పేరు ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీకి ఎక్కిందంటే చిన్న విషయం కాదు.

మన సొసైటీలోనూ ఇప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. పేటలోని సర్కారీ ఉర్దూ మీడియం బడికి మన విలువలకు తగిన పేరు పెట్టించాలని పెద్దలు దరఖాస్తు తయారు చేస్తున్నారు. కొందరు మౌలానా ఆజాద్ అన్నారు, దేశపు తొలి విద్యామంత్రి కనుక. కొందరు అబ్దుల్ హక్ అన్నారు. ఏ అబ్దుల్ హక్ అని అడిగితే సగం మందికి తెలియదు. దారుల్ తర్జుమాలో పనిచేసి చివరికి కరాచీలో కన్నుమూసిన బాబా-ఎ-ఉర్దూ ఒకరు. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ మరొకరు. 2016లో ఏర్పడిన కర్నూలు ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ రెండో ఆయన పేరునే ఉన్నది. పేరు పెట్టేవాళ్ళు ముందు మనిషిని తెలుసుకోవాలి గదా! మా మాట అడిగితే సుగ్రా బేగం పేరు చెబుతాము.

అయితే ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకుంటున్న మా బోటివాళ్ళకు అంతకన్నా పెద్ద బెంగ ఒకటున్నది. 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. తిండి, బట్ట, హాస్టలు ఇచ్చి ఇంగ్లీషులో చదువు చెబుతున్నాయి. పేదింటి పిల్లలు అటు వెళ్తే తప్పు పట్టము. కాస్త ఉన్నవాళ్ళు కాన్వెంటుకు పంపుతున్నారు. దరఖాస్తు తయారు చేస్తున్న పెద్దల ఇళ్ళనుంచి ఆ ఉర్దూ బడికి వచ్చే పిల్లలు ఎందరు? మేము లెక్క పెట్టాము, ఒక్కరూ లేరు. పిల్లలు తగ్గితే పంతుళ్ళ పోస్టులు తగ్గుతాయి, పోస్టులు తగ్గితే ఉన్న పిల్లలూ పోతారు. చివరికి బడిని పక్క బడిలో కలిపేస్తే, మనం అడిగి తెచ్చుకున్న పేరు ఏ గోడకు రాస్తారు?

దరఖాస్తుకు మేము అడ్డు చెప్పడం లేదు, సంతకం కూడా పెడతాము. దానికి ఇంకో కాగితం జత చేయాలని మాత్రం కోరుతున్నాము. లెక్కల పంతులు కావాలనీ, ఉర్దూ పాఠ్యపుస్తకాలు జూన్ లోనే అందాలనీ అందులో రాయాలి. కింద, వచ్చే ఏడు ఆ బడిలో చేర్పించబోయే పిల్లల పేర్లు, సభ్యుల ఇళ్ళ నుంచి, వరసగా రాసి ఇవ్వాలి.