దుగ్గా కొండమీది శిలాక్షరములు

ట్యునీషియా దేశమున గోధుమపొలముల నడుమ లేచిన కొండపై దుగ్గా యను రోమకనగర శిథిలములు గలవు. క్రీ.శ. 168-169లో క్వాడ్రాటస్ అను పౌరుడు స్వంత ధనముతో కట్టించిన నాటకశాల మెట్లపై నిలిచినచో, దిగువ భూములన్నియు కన్నులపండువుగా గానవచ్చును.

కొండవాలున రోమకులకు ముందరి సమాధిగోపురము వేరొకటి గలదు. అందలి శాసనమునకై 1842లో బ్రిటిషు కాన్సలు థామస్ రీడ్ గోపురమును పడద్రోయించెను. శాసనము లండను చేరెను. 1908-1910లో ఫ్రెంచివారు గోపురమును మరల నిలిపిరి. శాసనము మాత్రము తిరిగి రాలేదు.

అది రెండు భాషల శాసనము. తెలిసిన ప్యూనికు భాష సాయమున, ఎవ్వరికిని చదువరాని నుమిడియా లిపిని పండితులు దానినుండి గ్రహించిరి.

చదువరులారా, కూలిన గోడను మరల కట్టవచ్చును. చదువువారు లేని అక్షరము మాత్రము ఉండియు మూగయే. గ్రంథాలయమునకు ప్రాణము చదువరియే.