నిజామాబాద్ ప్రాంతంలో జెండా పండుగ

నిజామాబాద్, బోధన్, నిజాంసాగర్ ఆయకట్టు పల్లెల్లో స్వాతంత్ర్య దినోత్సవాన్ని ‘జెండా పండుగ’ అంటారు. 1947 ఆగస్టు 15న ఈ ప్రాంతానికి ఆ పండుగ లేదు. అప్పటికిది నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ రాజ్యం. ఇక్కడ త్రివర్ణ పతాకం ఎగరేసినవారిని అరెస్టు చేసేవారు. భారత యూనియన్‌లో కలవాలని ఉద్యమించిన స్టేట్ కాంగ్రెస్ నేత స్వామి రామానంద తీర్థను అదే రోజు నిర్బంధించారు. నిజామాబాద్ ఖిల్లా జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. ఆయన తోటి ఖైదీ రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి. ఈ ప్రాంత స్వాతంత్ర్య చరిత్రలో ఆ గోడలకు ఎంతో విలువ ఉంది.

హైదరాబాద్‌పై భారత సైన్యం జరిపిన పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై, 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించడంతో ముగిసింది. అందుకే ఇక్కడ సెప్టెంబరు 17న కూడా జెండా ఎగరేస్తారు. దాన్ని విమోచనమనాలా, విలీనమనాలా అన్న వాదం నేటికీ తెగలేదు. తెలంగాణ ప్రభుత్వం ఆ రోజును 2022లో జాతీయ సమైక్యతా దినంగా, 2024లో ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. 2014 నుంచి జూన్ 2 రాష్ట్రావతరణ వేడుకా తోడైంది.

జెండా పండుగ నాడు బడిలో జెండాను పూలరేకులతో కలిపి మడిచి, జారుముడి వేసి స్తంభం పైకి చేరుస్తారు. తాడు లాగగానే ముడి వీడి రేకులు రాలతాయి. జాతీయగీతం అయ్యాక పిల్లలకు మిఠాయిలు, చాక్లెట్లు పంచుతారు.