రైలు కట్ట

అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కి చదివేవాళ్లకి బాలయోగి అంటే ఒక బిట్టు. లోక్‌సభకి తొలి దళిత స్పీకర్ ఎవరు? 1998. గుర్తుంటే ఒక మార్కు. గౌతమికి ఇవతలి గట్టున పుట్టిన మాకు మాత్రం ఆయన పేరు చెబితే రైలు గుర్తొస్తుంది.

కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్లు. 1928లో తెల్లోళ్లు లైను వేశారు. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం, మధ్యలో చిన్న చిన్న హాల్టులు. 1940లో రెండో ప్రపంచ యుద్ధం పనికని పట్టాలు పీక్కుపోయారు. కట్ట మోసిన కూలోళ్లని అడిగిందీ లేదు, రైలెక్కే జనాన్ని అడిగిందీ లేదు. మట్టికట్ట మిగిలింది.

చరిత్ర రాసేవాళ్లు "1940లో తీసేశారు, 2004లో మళ్లీ వేశారు" అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ అరవై నాలుగేళ్లలోనే మా చరిత్ర ఉంది. ఊళ్లోంచి చెప్పులేసుకుని పోతే "ఎవడ్రా అది" అనేవాళ్లు. కట్ట మీద అనేవాడు లేడు, అది సర్కారుది. కోతలకి పోయే ఆడాళ్లు, బడికి పోయే మేము, ఆఖరికి మా పేట శవాలూ దానిమీదే. "రైలెళ్లిపోయి మనకి దారిచ్చిందిరా అబ్బాయ్" అనేది మా మామ్మ.

రైలొస్తే కులం పోతుందని నేననను. 1901లో మసూర్ స్టేషన్లో దిగిన పిల్లాడు అంబేద్కర్. మహార్ పిల్లలని తెలియగానే స్టేషన్ మాస్టర్ మొహం మారిపోయింది. బళ్లవాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు బాడుగిచ్చి, బండి పిల్లలే తోలుకోవాల్సొచ్చింది. పెట్టెలో కూచున్నంతసేపు ఫర్వాలేదు, దిగిన చోటే ఊరు మొదలైంది.

నేను చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే రోజుల్లో నారాయణగూడలో బస్సెక్కి సికింద్రాబాద్ పోయి గౌతమి పట్టుకుంటే తెల్లారేసరికి కాకినాడ. అక్కణ్ణుంచి బస్సు, ఆ పైన నడక. ఆ లైను మళ్లీ వెయ్యాలని పట్టుబట్టినవాడు అమలాపురం ఎంపీ బాలయోగి. 2002 మార్చి 3న హెలికాప్టర్ కూలి చనిపోయాడు. 2004లో రైలు తిరిగింది, చూట్టానికి ఆయన లేడు.

ఒంటిపెట్టె రైలుబస్సది. మావాళ్లు సంబరంగానే ఎక్కారు. అయితే పట్టాలు పడ్డాక కట్ట మీద నడవడం నేరం. శవాలు మళ్లీ పొలం గట్లమీదకి దిగాయి. బురదలో పాడె మోసినవాళ్లకి తెలుసు అదేంటో. రైలూ కావాలి, శ్మశానానికి దారీ కావాలి అంటే, రెండూ ఎలా అడుగుతారయ్యా అన్నారు ఊరి పెద్దలు. వాళ్లకి రెండూ ఎప్పట్నుంచో ఉన్నాయి మరి!

2020లో కోవిడ్‌తో రైలుబస్సు ఆగింది. పట్టాల మధ్య గడ్డి మొలిచింది. మావాళ్లు మళ్లీ కట్టెక్కారు.