చదరంగ గ్రంథములు – ఎన్నుకొను విధము

చదరంగము భారతభూమిలో పుట్టినది. పారశీక, అరబ్బు దేశముల మీదుగా ఐరోపా చేరి, అచట నియమములు మార్చుకొని, ఆంగ్లేయులతో మరల మన దేశమునకు వచ్చినది. ఆ క్రొత్త పద్ధతి ననుసరించి మనవాడొకడు గ్రంథము వ్రాసెనని పెక్కుమంది యెరుగరు.

తిరుపతిలో జన్మించిన తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతమున రచించిన చదరంగ గ్రంథము, ఆంగ్లానువాదముగా 1814లో బొంబాయిలో అచ్చయినది. అందు ప్రధానముగా నున్నవి ఆటలోని క్లిష్టస్థితులు. నేర్చుకొనువాని నైపుణ్యమును పెంచుట, జ్ఞాపకశక్తికి సాధన కల్పించుట దాని యుద్దేశము. అనగా నేడు మన పిల్లల కెట్టి పుస్తకము కొనవలెనను ప్రశ్నకు ఆయన రెండు శతాబ్దముల క్రిందటనే సమాధానము చెప్పెను: ఎత్తులను వల్లె వేయించునది కాదు, ఆలోచింపజేయునది.

క్యూబా దేశీయుడు కాపబ్లాంకా 1921లో ప్రకటించిన ప్రాథమిక గ్రంథము కూడ ఈ మార్గమునే పట్టినది. రాజుతోను, ఒక్క ఏనుగుతోను ఎదిరి రాజును కట్టుటతో అది ఆరంభమగును. పావులు కొద్దిగా నున్నప్పుడే ఒక్కొక్కదాని బలము తెలియును. 1955లో రైలుపెట్టెల కర్మాగారము వెలసిన మన పెరంబూరువారికి ఇది వింత గాదు. చట్రము నిలిచిన పిమ్మటనే గదా పెట్టెకు రంగు వేయుట! ఆటకు ముగింపులు చట్రము వంటివి. ప్రారంభపు ఎత్తుల గ్రంథములు రంగు వంటివి.

ఈ నగరమునకు చదరంగ సంప్రదాయము కలదు. మాన్యుయెల్ ఆరన్ 1961లో భారతదేశపు తొలి అంతర్జాతీయ మాస్టరు అయ్యెను. ఆయన 1972లో సోవియట్ సాంస్కృతిక కేంద్రమున నెలకొల్పిన తాల్ క్లబ్బులో బాలుడగు విశ్వనాథన్ ఆనంద్ సాధన చేసెను. ఇచటి తెలుగు కుటుంబమున 2006లో జన్మించిన దొమ్మరాజు గుకేశ్, 2024 డిసెంబరులో సింగపూరున డింగ్ లిరెన్‌ను జయించి పదునెనిమిదేండ్లకే ప్రపంచ విజేత యయ్యెను. అతని గురువు విష్ణు ప్రసన్న, శిష్యుడు గ్రాండుమాస్టరు స్థాయికి వచ్చువరకు కంప్యూటరుపై నాధారపడనీయక, స్వబుద్ధితోనే లెక్కించుట నేర్పెను. 1814 నాటి గ్రంథము కోరినదియు ఆ సాధననే.

కావున తల్లిదండ్రులు పుస్తకపు అట్టను, బరువును చూచి మోసపోరాదు. నడుమ నొక పుట తెరచి, సమాధానమును చేతితో మూసి, బిడ్డ నడుగవలెను. వెంటనే చెప్పిన పుస్తకము తేలిక. ఎంతకును దారి తోచనిచో ఇంకను కాలము రాలేదు. కొంతసేపు తలపట్టుకొని తుదకు మార్గము కనుగొన్నచో, అదియే కొనదగినది. అట్టిదానిని తుదిముట్ట చదివించిన పిమ్మటనే రెండవ దానికై అంగడికి పోవలెను.